వార్నిష్ పూయకూడని కాయిల్

మోటారు కాలిపోతే హిందూపురంలో జనం హజరత్‌వలి అంగడికే తెస్తారు. కాలిన తీగ తీసి కొత్తది చుట్టేది ఆయన కూతురు మహజబీన్ అని అందరికీ తెలుసు. అయినా చెప్పుకునేది తండ్రి పేరే. పదేళ్ళుగా రాగితీగ లాగి లాగి ఆమె వేళ్ళు కాయలు కాచిపోయాయి. పోనీలే, నాయన పేరే కదా అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఈసారి మాత్రం చుట్టింది మోటారు కాదు.

పెనుకొండలో ధనుంజయ అని ఒక ఇంజనీరు. హామ్ రేడియో అంటే చచ్చేంత పిచ్చి. మైకు పట్టుకుని దేశదేశాలతో మాట్లాడే లైసెన్సు ఉంది గానీ, చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తే ఏ కొస పట్టుకోవాలో తెలీదు మహానుభావుడికి! తక్కువ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలంటే నలభై మీటర్ల ఎత్తు ఏరియల్ కావాలట. మిద్దె మీద అంతది ఎక్కడ నిలబెడతాడు? పొట్టి ఏరియల్‌కు ఆ కొరత తీర్చేది పెద్ద కాయిల్. కొలతలు కాగితం మీద రాసుకుని అంగడికొచ్చాడు.

“ధర్మవరంలో మా క్లబ్బు ప్రదర్శన ఉండాదిమ్మా. ఇది చుట్టింది నువ్వేనని మైకులో చెప్తా. ఒట్టు,” అన్నాడు.

ఆ ఒక్క మాటకే మహజబీన్ పడిపోయింది.

నాలుగంగుళాల పీవీసీ పైపు మీద నూటపది చుట్లు. చుట్టుకూ చుట్టుకూ నడుమ సందు ఒకే తీరుగా ఉండాలి. ఆ సందు ఎలా నిలపాలో అన్ని పుస్తకాలు చదివిన ధనుంజయకు తోచలేదు. మహజబీన్ ధర్మవరం పోయి, మగ్గం నేసే స్నేహితురాలు ఈశ్వరి దగ్గర పట్టుదారం తెచ్చింది. రాగితీగ పక్కనే ఆ దారాన్నీ జతగా చుట్టుకుంటూ పోయింది. మూడుసార్లు విప్పింది. నాలుగోసారి కుదిరింది. పెనుకొండ మిద్దె మీద పెట్టి చూస్తే మీటరు ముల్లు సరిగ్గా కావలసిన చోట నిలిచింది, బళ్ళారి నుంచి ఎవరో పలికారు కూడా. ఆ సాయంత్రం ఆమె సంతోషం ఇంతా అంతా కాదు.

“దీనికి వార్నిష్ పూయొద్దు సార్. మోటారు తీగకైతే పూస్తాం గానీ, ఇది వేరే. సందుల్లో గాలి ఆడాల,” అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ అప్పగించింది.

ప్రదర్శన రోజు కొత్త చున్నీ వేసుకుని, ఈశ్వరిని వెంటబెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. ధనుంజయ మైకు అందుకున్నాడు.

“ఆరునెలలు కష్టపడి నా చేతులతో చేసిన కాయిల్ ఇది!”

చప్పట్లే చప్పట్లు.

“ఏమే, నీ పేరేదే?” అంది ఈశ్వరి.

“ఆఖర్న చెప్తాడేమో.”

అంటూనే మహజబీన్ ముక్కు ఎగబీల్చింది. పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన, పొరపడదు. వార్నిష్! నలుగురిలో తళతళలాడాలని కాయిల్ నిండా పట్టించాడు. పట్టుదారం తడిసి సందులన్నీ పూడుకుపోయాయి.

స్విచ్చి వేశారు. ముల్లు ఎర్రగీత దాటిపోయి అక్కడే కూర్చుంది. రేడియో నాబ్ ఎంత తిప్పినా ఎవరూ పలకలేదు. ధనుంజయ చెమట తుడుచుకున్నాడు.

“నిజం చెప్పాలంటే ఇది చుట్టింది నేను కాదండీ. హిందూపురంలో మోటార్లు చుట్టే హజరత్‌వలి కూతురు, మహజబీన్. అలవాటు కొద్దీ వార్నిష్ కొట్టేసినట్టుంది!”

హాలంతా ఘొల్లుమంది. ఆమె చివాలున లేచింది.

“వద్దని చెప్పినా గదా సార్! పూసిందెవరు?”

“ఏమ్మా, వార్నిష్ మీ అంగట్లో కాకుంటే మా ఇంట్లో యాడుంటాది?”

నిజమే కదా అన్నట్టు అందరూ తలలూపారు. ఈశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

హిందూపురంలో బస్సు దిగి అంగడికొచ్చేసరికి నాయన ఎదురుచూస్తున్నాడు.

“ఏమ్మా, మైకులో నీ పేరు చెప్పినాడా?”

“చెప్పినాడు నాయనా. ఊరు పేరుతో, నీ పేరుతో సహా చెప్పినాడు.”

హజరత్‌వలి మురిసిపోయి, కాలిన మోటారు తెచ్చిన రైతుకు ఆ మాట రెండుసార్లు చెప్పాడు. మహజబీన్ వార్నిష్ డబ్బా మూత తీసి, పనిలో కూర్చుంది.