సబాహ్ కోసం రాసిన పాఠం

మహ్షీ అనే కూరుడు వంటకం కోసం వంకాయల్లో గుజ్జు తోడుతూ ఇన్సాఫ్ గడియారం వైపు చూసింది. పదింటికి కాలేజీలో మీటింగు. మధ్యాహ్నం ఆడపడుచులు భోజనానికొస్తున్నారు. ఈలోగా ఇరవై కాయల్లో బియ్యం కూరాలి.

“మీటింగని అంత హడావుడి దేనికే?” అన్నాడు భర్త రఊఫ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అతను సర్జను. “చేతులు కడుక్కోండి, నీళ్లు కాచి తాగండి. ఇదేగా మీ డిపార్టుమెంటు చెప్పేది? మా అమ్మ డిగ్రీ లేకుండానే చెబుతుంది.”

అత్తగారు నవ్వింది. ఇన్సాఫ్ ఇంకో వంకాయ అందుకుంది.

నైలు ఒడ్డునున్న ఆ మెడికల్ కాలేజీలో పదకొండేళ్లుగా ఆమె చెప్పేది, జబ్బు రాకముందే ఆపే వైద్యం. తను చదువుకున్ననాటి పాఠాలే ఇప్పటికీ. పిల్లలు బట్టీపట్టి, పరీక్షలో రాసేసి మర్చిపోతారు. చెల్లెలు సబాహ్ నాలుగో కాన్పుకు ముందు ఆ కాలేజీ ఆసుపత్రికే ఐదుసార్లు వచ్చింది. తలనొప్పంది, కళ్లు మసకలంది. గర్భిణికి బీపీ ఎప్పుడెప్పుడు చూడాలో గడగడా అప్పజెప్పగల కుర్రడాక్టర్లలో ఒక్కరూ ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్లకే ఫిట్స్ వచ్చి చనిపోయింది. ఆ గంటలో పక్క భవనంలో ఇన్సాఫ్ అదే పాఠం చెబుతోంది.

ఆ తర్వాత రెండేళ్లపాటు, ఇల్లు నిద్ర లేవకముందే లేచి, వంటింటి బల్ల మీద కొత్త సిలబస్ రాసింది. ప్రతి విద్యార్థీ ఏడాదంతా ఒక కుటుంబాన్ని చూసుకోవాలి. వాళ్లింటికెళ్లాలి, బీపీ చూడాలి, ఆ ఇంటి ఆడమనిషి చెప్పేది చివరిదాకా వినాలి.

మీటింగులో డిపార్టుమెంటు హెడ్డు షౌకత్ గారు, ఆమె రాసిచ్చినదాన్నే చూపిస్తూ, “నేను తయారుచేసిన సిలబస్” అంటూ మొదలుపెట్టారు. అందులో కుటుంబాల అధ్యాయం లేదు. ఆ చోట ముప్ఫై స్లైడ్లున్నాయి.

“సార్, ఇళ్లకు వెళ్లడం...”

“అమ్మాయిల్ని సందుల్లో తిప్పితే వాళ్ల నాన్నలు నా పీక పట్టుకుంటారు, డాక్టరమ్మా.”

“మా చెల్లెలు...”

“అల్లా ఆమెను కరుణించాలి. కానీ ఇంటి ఏడుపుల్ని సిలబస్‌లో పెట్టలేం కదా! నువ్వు మినిట్స్ రాయి, నీ చేతిరాత బావుంటుంది. ఏకగ్రీవంగా ఆమోదించామని రాసెయ్.”

ఎవరూ తలెత్తలేదు. ఒకాయన టీలో చక్కెర కలుపుకుంటున్నాడు. ఇప్పుడు గొంతు చించుకున్నా సబాహ్ రాదు. తీసేసిన అధ్యాయమూ తిరిగి రాదు. సాయంత్రానికి రఊఫ్‌కు ఫోను వెళ్తుంది, మీ ఆవిడకు కాస్త చెప్పుకోండని. తర్వాత ఇంట్లో ఏం వినాలో అదీ తెలుసు. పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరమే దిద్దినట్టు రాసింది:

‘ఆరుగురు ఆమోదించారు. ఈ సిలబస్ రాసిన డాక్టర్ ఇన్సాఫ్ ఒప్పుకోలేదు.’

సంతకం కోసం పుస్తకాన్ని షౌకత్ గారి ముందుకు జరిపింది.