రేవు వాడుకలో ఉంది

గంప తిరగబడింది. మట్టగిడసలు, జెల్లలు, చేపలన్నీ చెక్కబాట మీద ఎగిరెగిరి పడ్డాయి. డెబ్బై ఏళ్ల సుందరమ్మ వంగి వాటిని ఏరుకోబోతే, పార్కు సూపర్‌వైజర్ అనిల్ కుమార్ బూటు అడ్డం పెట్టాడు.

"మామ్మగారూ, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? ఫ్యామిలీలు వచ్చే చోటండీ ఇది. ఈ కంపుకి ఎవరొస్తారండీ?"

గోదావరి జిల్లాల మర్యాద అది. గంపను తన్నేటప్పుడు కూడా 'అండీ' పోదు.

ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి కార్లలో వచ్చిన కుటుంబాలు అటూ ఇటూ నిలబడి చూస్తున్నాయి. ఒకాయన ఫోను తీసి వీడియో పట్టాడు. కొల్లేట్లో గూడబాతుల్ని పట్టినట్టే ముసలమ్మనూ పట్టాడు.

"విక్టోరియా! ఇలా వచ్చి ఊడ్చెయ్."

విక్టోరియా పది అడుగుల దూరంలో చీపురు పట్టుకుని ఉంది. ఒంటి మీద పార్కు వాళ్లిచ్చిన ఆకుపచ్చ యూనిఫాం చీర. ఆమెదీ కిక్కిసలంకే. సుందరమ్మ వడ్డీల పేట, విక్టోరియా చర్చి పేట. పేటలు వేరైనా దిగే నీళ్లు ఒకటే. పెళ్లయి ఈ లంకకు వచ్చిన కొత్తలో దోనె మీద నిలబడి గెడ వేయడం నేర్పింది ఈ సుందరమ్మే. ఆవిడ చేపల్ని ఇప్పుడు చీపురుతో నీళ్లలోకి తోయమంటున్నారు.

తోసింది. ఏం చేస్తుంది? భర్త ఏలీయాకు వేట పోయి నెలన్నర అయింది. ఇంట్లో పొయ్యి ఈ చీపురు మీదే వెలుగుతోంది. బతికున్న చేపలు ఈదుకుపోయాయి, చచ్చినవి తేలాయి. సుందరమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని విక్టోరియాకు ఆ రోజంతా అనిపిస్తూనే ఉంది.

ఈ పార్కు కథ పెద్దదేమీ కాదు. కొల్లేటి ఒడ్డున కాంట్రాక్టర్ శ్రీహరి ఒక పక్షివనం కట్టాడు. సిమెంటు కొంగలు, హంస బొమ్మల పెడల్ బోట్లు, పిల్లల రైలు, రెల్లు మధ్యలోంచి అర కిలోమీటరు చెక్కబాట. దానికి నేచర్ ట్రైల్ అని పేరు. ఆ ట్రైల్ కిక్కిసలంక రేవు నోటికి అడ్డంగా పోయింది. తాతల కాలం నుంచి లంకవాళ్ల దోనెలు సరస్సులోకి వెళ్లే దారి అదొక్కటే. ముందు గేటు పెట్టారు, నెలన్నర కింద తాళం వేశారు. సుందరమ్మ ఒక్కతే చెక్కబాట కింది నుంచి దూరి, అవతల కట్టిన తన దోనె మీద వేటకెళ్తోంది. వచ్చే వారం రేవును గ్రావెల్‌తో పూడ్చి కార్ల పార్కింగ్ చేస్తారట. రేవు పూడితే లంకకు సరస్సు లేదు. సరస్సు లేకపోతే లంకే లేదు.

ఆ సాయంత్రం మత్స్య సొసైటీ షెడ్డులో రెండు పేటలూ కూడాయి. విక్టోరియా కూతురు కెజియా ఏలూరులో డిగ్రీ చదువుతోంది. తోటి విద్యార్థులతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగి పార్కుకు ముందు చేసిన సర్వే కాగితం నకలు సంపాదించింది. అందరికీ వినబడేలా చదివింది.

"సదరు రేవు వాడుకలో లేదు. దోనెలన్నీ గట్టు మీద బోర్లించి ఉన్నవి. స్థానికులను విచారించగా ఎవరూ ఎట్టి అభ్యంతరమూ తెలుపలేదు. ఫొటోలు జతపరచడమైనది."

"అబద్ధం!" అని ఎవరో అరిచారు. "మన దోనెలు ఎప్పుడు బోర్లించాం?"

కెజియా తేదీ చదివింది.

అది సుందరమ్మ చిన్నకొడుకు పోయిన మర్నాడు. లంకలో ఎవరు చచ్చిపోయినా మూడు రోజులు ఒక్క దోనె నీళ్లలో దిగదు. అన్నీ గట్టు మీద బోర్లిస్తారు. ఆ మూడు రోజులూ రేవులో ఎవరూ నోరెత్తరు. ఏ పేట వాడు పోయినా రెండు పేటలూ పాటించే కట్టుబాటు అది. సర్వేవాళ్లు వచ్చి 'ఇక్కడ వేటకెళ్తారా? ఏమైనా అభ్యంతరమా?' అని ముప్పై మందిని అడిగారు. ముప్పై మందీ తలలు దించుకుని నిలబడ్డారు.

లంక పెద్ద జోగారావు లేచాడు. సుందరమ్మ పెద్దకొడుకు.

"నన్నే అడిగారు. తమ్ముడు పోయిన దుఃఖంలో ఉన్నాను. నోరు తెరవకూడదు గదా అని ఊరుకున్నాను. తప్పు నాదేనయ్యా."

"మీదెలా అవుద్దండి?" అంది విక్టోరియా. "మేమందరం నిలబడలేదా అక్కడ?"

"అనుకుని లాభం ఏంటి?" అన్నాడు ఏలీయా. "శ్రీహరిగారు పని ఇస్తానంటన్నారు. ఆడాళ్లకి ఊడ్చే పని, మగాళ్లకి బోట్ల కాడ పని. గొడవ పెట్టుకుంటే అదీ పోద్ది."

"మన నీళ్లలో మనల్నే కూలోళ్లని చేస్తానంటే, అది సాయమా మావా?" అంది విక్టోరియా.

"రేపు పొద్దున్న తినేది చెప్పవే నువ్వు!"

సోమవారం అర్జీ పెట్టి చూద్దామని లేచారు.

సోమవారం ఏలూరులో ఆఫీసరు గారు కూర్చోమని కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అర్జీ చదివాడు.

"ఫొటోలున్నాయి కదమ్మా. మీరప్పుడే చెప్పాల్సింది."

"చావు మైలలో ఉన్నామండి. మాట్లాడకూడదండి మేము," అంది విక్టోరియా.

"ఫైల్లో అది ఎక్కడా లేదమ్మా."

ఫైల్లో లేనిది లోకంలో లేదు. నలభై మంది పొద్దున్నుంచి ఏమీ తినకుండా బస్సులు మారి వెళ్లారు, అలాగే తిరిగొచ్చారు.

బుధవారం మధ్యాహ్నం విక్టోరియా ట్రైల్ మీద ఐస్‌క్రీం కప్పులు ఏరుతోంది. చెక్కల సందులోంచి కిందికి చూస్తే నీళ్ల మీద గంప. రెయిలింగు దాటి నడుములోతు బురదలోకి దూకింది. గేటు తాళం వేశారని సుందరమ్మ చెక్కబాట కింది నుంచి దూరి తన దోనె దగ్గరకు పోబోయింది. బురదలో కాలు దిగబడి నీళ్లలోకి ఒరిగిపోయింది. పైన పిల్లల రైలు పాట పెట్టుకుని తిరుగుతోంది. ఆవిడ అరిచినా ఎవరికి వినపడుతుంది? ఎంతసేపయిందో, ఒళ్లు చల్లబడిపోయింది.

విక్టోరియా ఆవిడను ఒళ్లోకి తీసుకుని గట్టు మీద కూలబడింది. ఆ రోజు తాను ఊడ్చిన చేపలే కళ్లముందు కనిపించాయి. వెనక నుంచి అనిల్ కుమార్ గొంతు వినబడింది. ఫోనులో మాట్లాడుతున్నాడు.

"సార్, ముసలావిడ పోయింది సార్. మనకి ఇబ్బందేం లేదు. మూడు రోజులు వీళ్లు రేవులోకి రారు, నోరెత్తరు. రేపు పొద్దున్నే టిప్పర్లు పంపించేయండి."

చావును కూడా పనికి వాడుకుంటున్నారు! విక్టోరియా ఒళ్లు మండిపోయింది.

పొద్దు వాలేసరికి, గేటు అవతలి సుందరమ్మ దోనెతో సహా, లంక దోనెలన్నీ గట్టెక్కాయి. ఒకటొకటిగా బోర్లించారు. సుందరమ్మను ఇంటి ముందు పడుకోబెట్టారు. తల దగ్గర జోగారావు కూర్చున్నాడు. విక్టోరియా తడి చీరతోనే వచ్చి అతని ఎదుట నిలబడింది.

"అన్నయ్యగారూ, పొద్దున్నే రేవు పూడ్చేస్తారంట. మనం నోరెత్తమని తెలిసే వస్తన్నారు. దోనెలు దింపాలండి."

ముసలివాళ్లు లేచారు. "చావింట్లో ఏం మాటలమ్మా అవి? శవం లేవకుండా దోనె దింపుతారా? అరిష్టం!"

"ఆవిడంటే నీకు గౌరవం లేదా?" అని ఒకతను గద్దించాడు.

"గౌరవం ఉంది గాబట్టే అంటన్నాను. ఆవిడ చచ్చిపోయింది ఎక్కడికెళ్తా? దోనె కాడికే గదా!" విక్టోరియా బోర్లించిన దోనెల వైపు చెయ్యి చూపింది. "మొన్న మూడు రోజులు నోరు మూసుకున్నందుకు రేవు గేటేశారు. మళ్లా మూడు రోజులంటే, ఇంక దింపడానికి దోనెలుండవు, బోర్లించడానికి గట్టుండదు."

ఏలీయా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకోవే. పని పోద్ది."

"పోనీ మావా. ఆ పనితోనే ఈవిడ చేపల్ని నీళ్లలోకి ఊడ్చాను నేను."

ఏలీయా చెయ్యి వదిలేశాడు. అందరూ జోగారావు వైపు చూశారు. అతను తల్లి మొహం మీద ఈగను తోలాడు. లేచి, ఎవరినీ చూడకుండా గట్టు మీదికి నడిచాడు. తల్లి దోనెకు భుజం ఆనించాడు. ఒక్కడి వల్ల కాలేదు. ఏలీయా పరుగెత్తుకెళ్లి రెండో కొస పట్టాడు. చర్చి పేట వాళ్లు, వడ్డీల పేట వాళ్లు ఒకే దోనెకు భుజాలు పెట్టడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. దోనె వెల్లకిలా తిరిగింది.

"మాటాడక చెడ్డాం," అన్నాడు జోగారావు. అంతే అన్నాడు. పెద్దగా ఏడ్చాడు.

తెల్లారేసరికి అరవై దోనెలు రేవులో గట్టు నుంచి గట్టుకు తాళ్లతో కట్టి ఉన్నాయి. దోనెకిద్దరు నిలబడ్డారు. గట్టు మీద ఆడవాళ్లు, పిల్లలు, కెజియా కాలేజీ నుంచి తీసుకొచ్చిన పాతికమంది విద్యార్థులు. టిప్పర్లు వచ్చాయి.

మొదటి బండి డ్రైవరు బుల్లిరాజుది కామవరపుకోట. అద్దంలోంచి చూసి బండి ఆపాడు.

"ఎత్తవయ్యా, ఎత్తు తొట్టి!" అనిల్ కుమార్ అరిచాడు.

"కింద మనుషులున్నారండి."

"వాళ్లే లేస్తారు, నువ్వు పోసెయ్!"

"మా నాన్న కూడా కూలోడేనండి. నా వల్ల కాదు." బుల్లిరాజు దిగి, ఆడవాళ్ల పక్కకు వచ్చి నిలబడ్డాడు. గట్టంతా ఒక్కసారి హోరెత్తింది. "రేవు మాది! సరస్సు మాది!"

అయితే బండ్లు ఇంకా పదకొండు ఉన్నాయి. పోలీసులూ వచ్చారు. లాఠీలు లేచాయి. జోగారావు తల పగిలింది. ఇద్దరు విద్యార్థుల్ని జుట్టు పట్టి ఈడ్చారు. ఏలీయాను దోనెలోంచి నీళ్లలోకి నెట్టి, అక్కడి నుంచి వ్యాన్‌లోకి తోశారు. పంతొమ్మిది మందిని పట్టుకున్నారు. విక్టోరియా అందులో ఒకతె. దోనెల్ని క్రేనుతో లేపి లారీకి ఎత్తారు. సుందరమ్మ దోనె మధ్యకు విరిగింది. మధ్యాహ్నానికి రేవు సగం పూడిపోయింది. అదే వేళకు, కొడుకు స్టేషన్లో నెత్తురు తుడుచుకుంటుండగా, రెండు పేటల ఆడవాళ్లూ సుందరమ్మను మోసుకెళ్లి మట్టి చేశారు.

స్టేషన్లో ఎస్‌ఐ రాయించాడు. రైటరు రాసింది పైకి చదివాడు. పట్టుబడినవాళ్లు సంతకాలు పెట్టాలి.

"నిందితులు తమ చేపల వేట దోనెలు అరవయ్యింటిని కిక్కిసలంక రేవునందు అడ్డముగా నిలిపి పనికి ఆటంకము కలిగించిరి. దోనెలు తడిగా, వలలు, గెడలతో, వాడుకలో ఉన్న స్థితిలో స్వాధీనపరచుకొనడమైనది."

జోగారావు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కిటికీ బయట నిలబడ్డ కెజియా మాత్రం ఊచలు పట్టుకుంది.

"అమ్మా! విన్నావా? రేవులో వేట దోనెలున్నాయని రాశారు. వాడుకలో ఉన్నాయని రాశారు. గవర్నమెంటు చేత్తోనే!"

విక్టోరియాకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత నిటారుగా నిలబడింది.

"బాబుగారూ, ఎవరి దోనె ఏదో విడివిడిగా రాయండి. పేరు, తండ్రి పేరు, ఎన్నాళ్ల నుంచి వేటకెళ్తన్నారో, అన్నీ."

"అవన్నీ ఎందుకమ్మా నీకు? సంతకం పెట్టు."

"రాస్తేనే పెడతానండి. నా దోనె ఇరవై రెండేళ్ల నుంచీ ఆ రేవులోనే ఉంది."

"నాది ముప్పై ఏళ్లు," అన్నాడు ఏలీయా వెనక నుంచి.

"మా తాత కాలం నుంచి," అన్నాడు జోగారావు కళ్లు తెరిచి.

బయట కెజియా పరుగెత్తింది. గంట తిరక్కుండానే స్టేషను ముందు జనం చేరారు. శ్మశానం నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు, మట్టి అంటిన చేతులతో. ఎస్‌ఐ మెట్ల మీదికి వచ్చాడు.

"ఏంటండీ ఇది? మీ మీద కేసు లేదు. ఇళ్లకెళ్లండి."

ముందున్న ముసలామె కదల్లేదు.

"పెట్టండి బాబూ కేసు. పొద్దున్న నా దోనె కూడా ఆ రేవులోనే ఉంది. నా పేరు రాయలేదంట మీరు."

ఆమె వెనక వరస రోడ్డు దాకా ఉంది.