కుక్క పైన, అధ్యక్షులు కింద

ఫోనూ ఇంటర్నెట్టూ ఒకే తీగ మీద వచ్చే ఇంట్లో కాపురం ఎంత కష్టమో మా ఆవిడ నందినిని అడగండి. నేను నెట్టు కలిపితే ఆమె ఫోను మూగబోతుంది. కార్వేటినగరంలో ఉన్న వాళ్ల అక్క చేసి చేసి విసిగిపోయి, మేం ఫోను బిల్లు కట్టలేదని బంధువులందరికీ చెప్పేసింది. ఇంతా చేసి ఆ నెట్టులో నేను వెలగబెట్టేది, మా కాలనీ వెబ్‌సైటులో ఒక ముక్క తీసి ఇంకో ముక్క పెట్టడం.

మాది తిరుపతిలో ఓ మోస్తరు కాలనీ. సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. పక్క కాలనీకి వెబ్‌సైటు లేదు కాబట్టి మనకు ఉండాల్సిందేనని అందరూ ఒప్పుకున్నారు. పెట్టించాక దాన్ని ఎవరూ తెరవలేదు. ఆ సైటు నడిచే పాత సాఫ్ట్‌వేరులో ఎవరి చోటు వారికి ఖాయం. అందరికంటే పైన అధ్యక్షులు దొరస్వామిగారు, శాలువాతో. ఆ కింద ఉపాధ్యక్షురాలు జ్ఞానాంబగారు. ఆ కింద కోశాధికారి ఏకాంబరం. అచ్చం పెళ్లిపత్రికలో పేర్ల వరస. చోటు ఎటూ పోదు కనక ఎవరూ ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. 'తాజా వార్తలు' కింద రెండేళ్ల కిందటి వినాయక చవితి అలాగే ఉండిపోయింది.

దొరస్వామిగారు రిటైరైన తహసీల్దారు. కమిటీలో ఓ రోజు తేల్చేశారు.

"ఎవురూ సూడని సైటు ఎందుకప్పా? ఉగాది మీటింగులో తీర్మానం జేసి మూసేద్దాం. పాలబూతు కాడ నల్లబోర్డు తగిలిస్తే సాలు."

నాకు నిద్ర పట్టలేదు. ఆ సైటు గురించి పక్క కాలనీ వాళ్ల దగ్గర నేను కోసిన కోతలు అలాంటివి. మూసేస్తే ఆ వీధిలోంచి కూరగాయలకు కూడా వెళ్లలేను. వాకబు చేస్తే, ఊరికే దొరికే కొత్త సాఫ్ట్‌వేరు ఒకటి ఉందనీ, పాస్‌వర్డు ఇస్తే ఎవరైనా ఎక్కడినుంచైనా రాసుకోవచ్చనీ తెలిసింది. పాత సైటును అందులోకి మార్చడానికి కూర్చున్నాను.

ఏ పనైనా పెద్దవాళ్లతో మొదలుపెట్టాలని మా ఇంట్లో నేర్పారు. మానిటరుకు కుంకుమ బొట్టు పెట్టి, ముందుగా అధ్యక్షుల వారిని ఎక్కించాను. తర్వాత హోదా తప్పకుండా జ్ఞానాంబగారిని, ఏకాంబరాన్ని, మిగతా కమిటీని. అన్నీ అయ్యాక మిగిలింది వీధికుక్కల మీద ఫిర్యాదు ఒక్కటే. దాన్నీ ఫొటోతో సహా ఎక్కించి, పని అయిందనిపించాను.

కొత్త సాఫ్ట్‌వేరుకు పెద్దా చిన్నా తెలియదు. చివర వచ్చిందాన్ని నెత్తిన పెట్టుకుంటుంది.

మర్నాడు దొరస్వామిగారు తన కొత్త వియ్యంకుణ్ణి నెట్ సెంటరుకు తీసుకెళ్లి సైటు తెరిపించారు. అటునుంచి అటే మా ఇంటికి వచ్చారు.

"ఏమప్పా సెక్రెటరీ, మన సంఘానికి అధ్యక్షుడు ఎవురు? నేనా, ఆ కుక్కా?"

కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఇందులో ఎవరు కొత్తగా రాస్తే వాళ్లు పైకి వెళతారని విడమరిచి చెప్పాను. ఆయన మజ్జిగ తాగడం ఆపారు.

"అట్లయితే ఆ పాస్‌వర్డు ఈడ ఇయ్యి."

గంటలో 'నీటి పొదుపు' మీద వ్యాసం పడింది. అధ్యక్షులు పైకి లేచారు. అది చూసి మిగతా కమిటీ కూడా నా దగ్గర పాస్‌వర్డు పట్టుకెళ్లింది. మధ్యాహ్నానికి జ్ఞానాంబగారి 'మునగాకు ఉపయోగాలు' ఆయన నెత్తిన కూర్చుంది. సాయంత్రం ఆయన 'మునగాకు: అపోహలు' రాశారు. ఏకాంబరం రాయడానికి ఏమీ తోచక, మా వీధికి నీళ్లు వదిలే వేళలు పెట్టేశాడు. వాల్వు తిప్పే మనిషి వాళ్ల మేడ మీదే అద్దెకుంటాడు. ఇన్నేళ్లూ నీళ్లు రాకముందే బిందెలు బయట పెట్టేది ఏకాంబరం ఒక్కడే ఎందుకో మాకు ఆ రోజు అర్థమైంది. అది మొదలు కాలనీ అంతా పొద్దున లేస్తూనే సైటు మొహం చూడసాగింది. ఇంట్లో కంప్యూటరు లేనివాళ్లు ఉన్నవాళ్ల ఇంటికి బిందెలతోనే వచ్చేవాళ్లు.

ఉగాది మీటింగులో మూసివేత తీర్మానం చర్చకు వచ్చింది. దాన్ని అందరికంటే గట్టిగా ఎదిరించింది దొరస్వామిగారే.

"ఇంత మంచి సైటును మూసేదానికి మీకు నోరెట్లా వచ్చిందప్పా?"

ఆయన మమ్మల్నే నిలదీశారు. మేం తలలు వంచుకున్నాం. తీర్మానం వీగిపోయింది. నాకు శాలువా కప్పారు. పక్క కాలనీ కార్యదర్శి నడిచి వచ్చి, ఆ సాఫ్ట్‌వేరు పేరేమిటో చెవిలో అడిగాడు. నేను రెండుసార్లు అడిగించుకుని చెప్పాను.

ఇప్పుడు నా బాధ వేరు. అధ్యక్షుల దగ్గర రాయడానికి సరుకు అయిపోయింది. నిన్న 'ఈ రోజు ఎండ' అని రాశారు. రాయకుండానే పైన ఉండే ఉపాయం ఏమైనా ఉందా అని రోజూ అడుగుతున్నారు.

ఉంది. ఓ మూల చిన్న గడి. అందులో టిక్కు పెడితే ఆయన ఫొటో పైనుంచి కదలదు. పెడితే మిగతావాళ్లు అలిగి రాయడం మానేస్తారు, నీళ్ల వేళలతో సహా. సైటు మళ్లీ చవితి దగ్గరికి వెళ్లిపోతుంది. పెట్టకపోతే, ఆ గడి సంగతి ఆయనకు ఎవరో ఒకరు ఊదేదాకానే నా కార్యదర్శి పదవి. టిక్కు పెట్టమంటారా, వద్దంటారా? మీకు పుణ్యం ఉంటుంది, ఏదో ఒకటి చెప్పండి. ఇంటి అడ్రసుకు కార్డు రాయండి చాలు. సైటులో మాత్రం రాయకండి. మీరు పైకి వెళ్లిపోతారు.