పసుపంటిన బిల్లు

కిట్టు తన పాస్‌పోర్టు తాకట్టు పెట్టి తెచ్చాడు ఆ కాగితాల్ని. కారు అమ్ముతున్న తెల్ల ముసలాయన మర్యాదస్తుడేగానీ గట్టి పిండం. అసలు కాగితాలు సాయంత్రం ఆరులోగా తిరిగి తన చేతిలో ఉండాలన్నాడట.

"ఒక్క లుక్ వేయండి ఆంటీ, చాలు. అంకుల్ సంతకమే ఉంది. ఇంక చూసేదేముంది, ఫార్మాలిటీకి!"

శ్యామసుందరి కళ్ళజోడు పెట్టుకుంది. ఆమె భర్త సుబ్బరాజు పోయి రెండేళ్ళు. భీమవరం నుంచి ఆస్ట్రేలియాలోని బ్లాక్‌టౌన్ వచ్చి ముప్పయ్యేళ్ళు పాత కార్లు బాగుచేసిన మనిషి. పెద్ద ఇంజన్ల పాత కార్ల మీద మోజుపడే మనవాళ్ళు, ఆయన బానెట్ ఎత్తి తలూపితే తప్ప జేబులో చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. ఆయన పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డది ఈవిడే. ఆయన పోయాక అందరూ ఈవిడ దగ్గరికే వస్తున్నారు. నాలుగు దొంగ కాగితాలు పట్టుకుంది కూడా.

ఒక మాట చెప్పాలి. ఈ కిట్టు ఆఫీసులో లక్ష లైన్ల కోడ్‌లో ఒక్క చుక్క తప్పుంటే పట్టేస్తాడు. అదే మనవాడి సంతకం కనపడితే కళ్ళు మూసుకుంటాడు. ఇది మన జబ్బు. వేరేవాడు ముంచితే పోలీసుల దగ్గరికెళతాం, మనవాడు ముంచితే దండేసి సన్మానం చేస్తాం.

కారు డెబ్బై ఒకటో సంవత్సరపు ఫాల్కన్ జీటీ. ఆ కాలంలో మామూలు ఫాల్కన్లు వేలకి వేలు వచ్చాయి, జీటీలు కొన్నే. మామూలు దానికి జీటీ చారలేసి, ఇంజన్ మార్చి నిలబెడితే చూపుకి తేడా తెలీదు. ధరలో మాత్రం ఇల్లు కొన్నంత తేడా. అది జీటీ అని చెప్పేది మొదటి షోరూమువాడు రాసిచ్చిన బిల్లు. ఆ బిల్లు ఒకటీ, 'పరీక్షించాను, నిజమైనదే' అని సుబ్బరాజు రాసిన ఉత్తరం ఒకటీ బల్లమీదున్నాయి.

భర్త చేతిరాత చూడగానే ఆమెకి పక్కగదిలోంచి ఆయన దగ్గు వినిపించినట్టే ఉంది. ఉత్తరం పక్కనపెట్టి బిల్లు చేతిలోకి తీసుకుంది.

టైపు అక్షరాలు వెనక్కి ఉబ్బి ఉన్నాయి, మంచిదే. పిన్ను తుప్పు కాగితంలోకి దిగింది, మంచిదే. పాతబడ్డ పసుపురంగు అంతటా సమానంగా ఉంది. మూలల దగ్గర మాత్రం కాస్త ముదురు. నాలుగు మూలల్లోనూ, వేలి కొసంత.

శ్యామసుందరి చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది ఆంటీ?"

"ఉండు నాయనా."

లాండ్రీలోకెళ్ళి బట్టల సోడా చిటికెడు నీళ్ళలో కలుపుకొచ్చింది. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ముంచి, బిల్లు మూల మీద అంత అంటీ అంటనట్టు అద్దింది. కాగితం ఎర్రబడింది. నెత్తురు ఊరినట్టు, పారాణిలా ఎర్రగా.

"అయ్యో! పాడు చేశారేంటి ఆంటీ! నా పాస్‌పోర్టు..."

"పాతబడిన కాగితం ఎర్రబడదు. పసుపు ఎర్రబడుతుంది. డెబ్బై ఒకటిలో ఏ తెల్లవాడు బిల్లుకి పసుపు రాశాడు, చెప్పు?"

కిట్టు వంగి ఆ ఎర్ర మరకని దగ్గరగా చూశాడు.

ఆమెకి మాత్రం ఎప్పటిదో ఒక శుక్రవారం కళ్ళముందు నిలబడింది. ఇంట్లోకి కొత్త పుస్తకం, రసీదుల కట్ట ఏది వచ్చినా ఆమె తలస్నానం చేసొచ్చి నాలుగు మూలలా పసుపద్దేది. "కాగితాలకి కూడా పెళ్ళి చేస్తావేంటే" అని ఆయన నవ్వేవాడు. ఆ శుక్రవారం ఏదో మూతపడ్డ షోరూము సామాన్లలోంచి పాత బిల్లుపుస్తకం తెచ్చుకున్నాడు. ఒక్కటీ రాయని లావుపాటి కట్ట. ఆమె అలవాటుగా మూలలు గట్టిగా నొక్కి పసుపద్దింది, ప్రతి కాగితానికీ అంటేట్టు. అది చూసి ఆయన నవ్వలేదు. చెయ్యి విదిలించి కొట్టాడు. కాపురంలో ఆమె మీద చెయ్యి లేచింది ఆ ఒక్కనాడే. పాత కాగితానికి పసుపేంటని అలిగాడేమో అనుకుంది. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంది.

"అంటే... అంకుల్ కూడా మోసపోయాడన్నమాట" అన్నాడు కిట్టు మెల్లగా. "ఎవడో తెలుగోడే చేసుంటాడు. అంకుల్ నమ్మేసి సంతకం పెట్టుంటాడు. అంతేగా ఆంటీ?"

దారి చూపించాడు కుర్రాడు. తలూపితే చాలు. కిట్టు కారు కొనడు, సుబ్బరాజు పేరు చెడదు. గుడిలో ఆయన పేరుతో ఏటా పెట్టే అన్నదానం ఆగదు. ఆమె మెడ సగం దాకా వంగింది కూడా. అంతలో దగ్గు మళ్ళీ వినిపించింది. ఊరుకో అన్నట్టు, బతికున్నప్పుడు నలుగురిలో ఆమెని ఆపడానికి దగ్గినట్టే.

ఆ దగ్గుకే ఆమెకి ఒళ్ళు మండింది.

"మోసపోలేదు. చేశాడు. ఖాళీ బిల్లుపుస్తకం తెచ్చి మీ అంకులే చేశాడు. ఆ పసుపు నా చేత్తో పెట్టింది."

కిట్టు కుర్చీలో వెనక్కి జరిగాడు.

"నేనెవరికీ చెప్పను ఆంటీ, ప్రామిస్."

"చెప్పు. ముందు ఆ ముసలాయనకి చెప్పు, ఆయన ఎవడి దగ్గరో ఇల్లంత డబ్బు పోసి కొనుంటాడు. తర్వాత మనవాళ్ళందరికీ చెప్పు. ఎవరన్నా నమ్మకపోతే నా దగ్గరికి పంపు. మొహం మీదే చెప్తాను."

కిట్టు కాగితాలు కవర్లో పెట్టుకుని, చెప్పులు చేతబట్టుకునే గుమ్మం దాటాడు. వీధి మలుపులో కారు చప్పుడు తగ్గిపోయింది.

ఆమె వెనక షెడ్డు తలుపు తీసింది. ఎండ ఇంకా ఉంది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, గ్రీజు వాసన మాత్రం ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది. సొరుగులన్నీ లాగి నేలమీద బోర్లించింది. ఆ బిల్లుల కట్ట దొరకలేదు. ఒక్క కాగితం కూడా మిగల్లేదు.

ముప్పయ్యేళ్ళు 'ఏవండీ' అని తప్ప పిలవని మనిషి, ఆ ఖాళీ కుర్చీ ముందు నిలబడి గొంతెత్తింది.

"ఒరేయ్ సుబ్బరాజూ! ఎన్ని అమ్మావురా?"

దగ్గు వినపడలేదు.