గోడకు అడ్డం నిలబెట్టిన మనిషి

"ఇక్కడే నిలబడు. కొంగు కాస్త వెడల్పుగా పరుచుకో. కదిలావంటే అప్పు గోవిందా!" అన్నాడు భర్త.

ఆమె వీపు గోడకు ఆనించింది. వెనక పగులు. మామూలు పగులా! పైకప్పు దగ్గర వెంట్రుకలా మొదలై, కిందికి దిగేసరికి బల్లి పిల్లాపాపలతో కాపురం పెట్టేంత అయింది. పొద్దున్నే భర్త ఆ పగులు మీద మాత్రం సున్నం పూశాడు. పాత చీరకు కొత్త మాసికలా అది వీధి చివరికి కూడా కనబడింది. బీరువా జరిపితే సగమే కప్పింది. మిగతా సగానికి ఆమె సరిపోయింది.

బ్యాంకు పంపిన ఇంజినీరు ముందుగది గోడలు తట్టి చూస్తున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో దుకాణం తెరవాలని భర్త ఆశ. ఇల్లు అతనిది. వాయిదాలు కట్టాల్సింది ఆమె నర్సు జీతం.

గోడ బాగుచేయించమన్నప్పుడల్లా ఏదో ఒక జవాబు. "నా చిన్నప్పటి నుంచీ ఉంది, నన్నేమైనా మింగిందా?" అని భర్త. "మట్టి రాలితే ఊడ్చుకోవాలి గానీ, ఊరికే సణుగుతావేం?" అని అత్త. ఊడ్చింది. వానకు బకెట్లు పెట్టి ఎత్తిపోసింది. ఆ నీళ్లన్నీ ఒకచోట చేరిస్తే ఓడ తేలేది, అత్త ఆ ఓడెక్కి కూడా "నేల తడిగా ఉందేమే?" అనేది. ఇంటి మీద తన పేరు కూడా రాయించమంటే భర్త నవ్వాడు: "ఇంటికి దీపానివి నువ్వు. దీపానికి పేరెందుకే?" ఆసుపత్రిలో ఆమె పుండును దాచదు, గుడ్డ విప్పి కడుగుతుంది. ఇక్కడ ఆ గుడ్డ తానే. అప్పు చేతికొచ్చాక గోడ ఊసు ఎవరెత్తుతారు? దీనికి అవతలి వైపే పాప మంచం.

ఇంజినీరు లోపలికొచ్చాడు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"నడుం నొప్పి సార్," అన్నాడు భర్త.

ఇంజినీరు బీరువా పక్కన తట్టాడు. డొల్ల మోత. ఆమె వీపుకు తడి సున్నం చల్లగా అంటుకుంటోంది. 

అంతలో గుమ్మంలో అత్త. కోడలిని కదిలించొద్దని తెలిసినా, కంటపడితే టీ అడగడం ఆవిడ నోటికి అలవాటు. నిద్రలో కూడా అడుగుతుంది. "ఏమే, సారొచ్చి ఎంతసేపైంది? టీ ఇవ్వాలని తెలీదూ? చెప్తేగానీ కదలవా!"

"అమ్మా, ఇప్పుడు టీ వద్దులే..." భర్త కళ్లతోనే కాళ్లు పట్టుకున్నాడు.

"వద్దంటావేంరా, మర్యాద లేకుండా!"

భర్త ఆమె వైపు చూశాడు. కదలొద్దని.

"అలాగే అత్తయ్యా," అంది ఆమె. పెళ్లయినప్పటి నుంచి అత్త మాటకు ఇంత సంతోషంగా తలూపిన రోజు లేదు.

వంటింటి వైపు తిరిగి నడిచింది. వీపు నిండా తెల్లటి సున్నం. ఇంజినీరు ముందు చీర చూశాడు. తర్వాత గోడ చూశాడు.

వంటింట్లోకి అత్త దూసుకొచ్చింది. "కదలొద్దన్నాం కదే!"

"కదలమన్నది మీరే కదా అత్తయ్యా."

ఆమె టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. మళ్లీ గోడ దగ్గరికి పోలేదు. ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పగులు కొలిచారా సార్? టీ తాగి రండి. అవతల గోడకు పాప పరుపు అడ్డం నిలబెట్టారు. అది తీస్తే ఇంకా పెద్దది కనబడుతుంది."