తనిఖీ రోజున కనిపించిన బూజు

వాన కోసం ఆరేళ్ళు మొక్కుకున్న మా ప్రాంతానికి 2005లో వాన వచ్చింది. వచ్చి ఇక పోనంది. దసరా నుంచి కార్తీకం అయిపోయేదాకా పుంగనూరు చుట్టుపక్కల ఎండ మొహం చూసినవాళ్ళు లేరు. జనం చెరువులకు పోయి నీళ్ళను చూసి వచ్చారు, గంగమ్మకు పొట్టేళ్ళు కోసి మొక్కులు తీర్చుకున్నారు. నేనూ సంబరపడ్డవాణ్ణే. కరువులో కట్టిన ఇళ్ళలో ఒక్కటి కూడా వాన ముఖం చూడలేదన్న సంగతి అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

నా పేరు గిరిబాబు. మదనపల్లెలో ఇళ్ళ ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. పేదలకు సర్కారు కట్టించే ఇళ్ళ పని ఎంతవరకు అయిందో, ఎలా అయిందో చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టడం నా పని. పుంగనూరు దాటాక, రోడ్డు నుంచి రెండు మైళ్ళు లోపలికి, గొర్రెలు మేపుకునేవాళ్ళకు 2003లో పన్నెండు ఇళ్ళు కట్టించాం. నేనూ గంగవరం దిక్కు గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాణ్ణే కాబట్టి ఆ కాలనీలో నన్ను సారు అనరు, అన్నా అంటారు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

వానలు మొదలైన ఇరవై రోజులకు ఆ ఇళ్ళు చూడ్డానికి పోయాను. నల్లప్ప, తాయమ్మల ఇల్లు రెండో వరసలో మొదటిది. ఒకటే గది, ఒకటే కిటికీ. జల్లు కొడుతుందని కిటికీకి గోనెపట్ట కట్టేశారు. స్లాబులోంచి నీళ్ళు దిగి గోడలన్నీ నానిపోయాయి. బూజు మొదట బూడిద చల్లినట్టు వచ్చిందట, తర్వాత పచ్చబడింది, నేను పోయేసరికి నల్లగా ఉంది. గొంగళ్ళ మీద, చేట మీద, వాళ్ళ బిడ్డ గంగాదేవి బడిసంచి మీద కూడా అదే. లోపలికి అడుగు పెట్టగానే నాకే దగ్గు వచ్చింది.

గంగాదేవికి తొమ్మిదేళ్ళు. మూలన కూర్చుని ఉంది. ఊపిరి పీలిస్తే పిల్లికూతలు బయటికి వినిపిస్తున్నాయి. పుంగనూరు డాక్టరు మందులిచ్చి, ఆ చెమ్మ ఇంట్లో పడుకోబెడితే మందు పనిచేయదని చెప్పాడట.

"యాడ పండబెట్టాల సామీ అని అడిగితి," అన్నాడు నల్లప్ప. "ఆయప్ప మాత్రం ఏం సెప్తాడు? గొర్రెల దొడ్డిలోనూ నీళ్ళే ఉండాయి."

నేను టేపు తీసి కొలిచాను. ఆ ఒక్క గదిలోనే నల్లబడిన గోడ ఎనభై నాలుగు చదరపు అడుగులు.

అదృష్టమనాలో ఏమనాలో, ఆ వారమే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వానలకు చెమ్మెక్కి బూజు పట్టిన సర్కారు ఇళ్ళు, బడులు, ఆఫీసులు అన్నీ తనిఖీ చేసి జాబితా రాయాలి. జాబితాకెక్కిన ఇంటికి స్లాబు బాగుచేస్తారు. అంతవరకూ ఆ కుటుంబాన్ని పుంగనూరులో ఖాళీగా ఉన్న ఒక హాస్టల్లో పొడి గదిలో ఉంచుతారు. స్లాబు మాట ఎలా ఉన్నా నాకా పొడి గది మీదే ఆశ. గంగాదేవి ఆ గదికి పోతే బతుకుతుంది. ఇందులో పెద్ద లెక్కేమీ లేదు.

తనిఖీ బృందం కుప్పంలో మొదలుపెట్టి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లెకు వస్తోంది. వాళ్ళ ఫారంలో ముఖ్యమైన గడి ఒకటే. తనిఖీ రోజున గోడపై కనిపించిన బూజు, చదరపు అడుగుల్లో. పక్కన ఫోటో అంటించాలి. నేను కొలిచింది లెక్కకు రాదు, వాళ్ళు చూసిందే లెక్క.

ముందురోజు పొద్దున్నే సైకిలు మోటారు మీద కాలనీకి పోయాను. ఆరోజు కాస్త తెరిపి ఇచ్చింది. ఆడవాళ్ళంతా బోరు దగ్గర ఉన్నారు. సంతోషం పట్టలేక బండి దిగకుండానే కేకేశాను.

"రేపు పెద్దసార్లు వస్తాండారు. మీ ఇండ్లలోకి వచ్చి సూస్తారు. అందరూ ఇంటికాడే ఉండండి."

"మా ఇండ్లకా అన్నా? నిజంగానా?" అంది తాయమ్మ.

"నిజమేమ్మా. మీ ఇంటికే ముందు వస్తారు."

ఇంకొక్క మాట చెప్పి ఉండాల్సింది. గోడల జోలికి పోవద్దు అని. నాకు తోచలేదు. గొర్రెల ఇంట్లో పుట్టినవాడికి అది తోచకపోవడం క్షమించరాని తప్పు. పెద్దవాళ్ళు ఇంటికొస్తున్నారంటే మా అమ్మ ఏం చేసేదో నాకు తెలియదా? ముందు సున్నపు కుండ దించేది.

మరునాడు జీపులో బృందంతో పాటు దిగేసరికి పన్నెండు ఇళ్ళూ తెల్లగా మెరుస్తున్నాయి. గడపలకు పసుపు, గోడల అడుగున ఎర్రమన్ను పట్టీ. పచ్చి సున్నం వాసన రోడ్డుదాకా కొడుతోంది. తాయమ్మ కొబ్బరి పీచుతో గోడలన్నీ తోమి, సున్నంలో నీలిమందు కలిపి రెండు పూతలు పూసింది. చేతివేళ్ళు సున్నానికి పొక్కి ఉన్నాయి. గంగాదేవికి తల దువ్వి, ఉతికిన పావడా కట్టి, ఆ పచ్చి గోడల మధ్యే చాప మీద కూర్చోబెట్టింది. బిడ్డ దగ్గు ఆపుకోడానికి రెండు చేతులతో నోరు మూసుకుంది.

కుప్పం నుంచి వచ్చిన ఇంజనీరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోడానికైనా పనికొచ్చేవాడు. గడప బయట బూట్లు విప్పాడు. తాయమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. నాలుగు గోడలూ చూశాడు.

"ఇల్లు చాలా శుభ్రంగా పెట్టుకున్నావమ్మా. గోడలకు బూజేమైనా పట్టిందా?"

నేను ఆయన వెనక నిలబడి తాయమ్మకు కళ్ళతో సైగ చేశాను. ఆమె నా వైపు చూడలేదు. అంత పెద్దసారు అడుగుతుంటే ఇంకెవరి వైపు చూస్తుంది?

"యాడుండాది సామీ? మేమేమన్నా సోమరిపోతులమా, ఇంటిని అట్ల పెట్టుకోడానికి?"

నా నోరు ఊరుకోలేదు. "సార్, అది సిగ్గుపడి చెబుతున్న మాట. మొన్న నేనే కొలిచాను. దీని కిందంతా బూజే." జేబులోంచి బండి తాళం తీసి గోడ గీకాను. సున్నం ఊడింది. కింద నల్లటి తడి. "సూడండి సార్, ఈ బిడ్డ ఊపిరి వినండి."

"నేను కాదనలేదు గిరిబాబూ," అన్నాడాయన మెల్లగా. "నువ్వు గీకితే వచ్చింది రాయడానికి నాకు గడి లేదు. కనిపించింది రాయాలి, ఫోటో తీయాలి. ఈ ఫోటో పైకి పంపితే నన్నేమంటారు?"

ఫోటోగ్రాఫరు తెల్ల గోడను ఫోటో తీశాడు. దాని ముందు గంగాదేవిని నిలబెట్టి ఇంకొకటి తీశాడు. ఫారంలో సున్నా పడింది. పన్నెండు ఇళ్ళకూ పన్నెండు సున్నాలు.

కాలనీ చివర ఒంటిగది బడి ఉంది. అది ఎవరి ఇల్లూ కాదు గనుక ఎవరూ సున్నం కొట్టలేదు. గోడలు బొగ్గులా ఉన్నాయి. నూటపది చదరపు అడుగులు. ఇంజనీరుకు పాపం ప్రాణం లేచొచ్చింది. నెల తిరగకుండా ఆ బడికి కొత్త పైకప్పు, కొత్త పూత వచ్చాయి. సాయంత్రం కాగానే దానికి తాళం వేసేవాళ్ళు. గంగాదేవిని ఆ బడిలో పడుకోనివ్వమని నల్లప్ప అడిగితే, సర్కారు భవనంలో కాపురాలు కుదరవని బడి అయ్యవారు చెప్పాడు.

సున్నం నిలిచింది తొమ్మిది రోజులు. పదో రోజున మచ్చలు పైకి తేలాయి. అప్పటికి తాయమ్మకు సంగతి అర్థమైంది. నల్లప్ప నాలుగుసార్లు మదనపల్లె వచ్చి అర్జీ ఇచ్చాడు. ప్రతిసారీ నేనే రాసిపెట్టాను, రెండో విడతలో చూద్దామని ప్రతిసారీ మా ఆఫీసే చెప్పింది.

మార్గశిరంలో మంచు పట్టిన ఒక ఉదయం బిడ్డకు ఊపిరి అందలేదు. మదనపల్లె పెద్దాసుపత్రికని బస్సెక్కించారు. బస్సు పుంగనూరు దాటకముందే నల్లప్ప ఒళ్ళో గంగాదేవి ప్రాణం పోయింది.

దినాలయ్యాక పోయాను. తాయమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చీర వీపుకు నల్లగా అంటుకుంటున్నా పట్టించుకోవడం లేదు.

"నేనే సంపుకొంటి అన్నా," అంది. "ఈ చేతులతోనే. ఆ సున్నం కొట్టకుండా ఉండింటే నా బిడ్డ పొడి గదిలో ఉండును."

అప్పుడు చెప్పాల్సిన మాట నా దగ్గర ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది. స్లాబు పోసిన తర్వాత పద్నాలుగు రోజులు దాని మీద నీళ్ళు నిలబెట్టాలి, లేకపోతే పగుళ్ళిచ్చి కారుతుంది. 2003లో తాగడానికే నీళ్ళు లేవు. ఆ స్లాబుల కోసం ట్యాంకరు వచ్చింది రెండే రోజులు. తాయమ్మ తన వంతు తాగునీళ్ళలోంచి రోజుకో బిందె నెత్తిన పెట్టుకుని నిచ్చెనెక్కి పోసేది. బిందెకు ఏం తడుస్తుంది? నేను చూస్తూనే ఉన్నాను. పుస్తకంలో పద్నాలుగు రోజులని రాసి సంతకం పెట్టాను. పన్నెండు ఇళ్ళకూ పెట్టాను.

నోరు తెరిచాను. అంతలో ఆమె అంది, "మా కోసరం ఆ పెద్దసారుతో కొట్లాడింది నువ్వొక్కడివే. గంగ కూడా అంటాండె, గిరిమామ మంచోడు మా అని."

"ఏడవగాకమ్మా," అన్నాను. "తెలీక చేసిన తప్పు. ఎవరేం చేస్తారు?"

అవునన్నట్టు తాయమ్మ తల ఊపింది. తప్పు తనదేనని నేను కూడా ఒప్పేసుకున్నాననుకుంది.