పిన్ను గుచ్చిన నోట్లు

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. గాలి పూర్తిగా స్తంభించింది. సముద్రం మీద లేచిన నల్లటి మబ్బు పడమటి ఆకాశాన్ని సగం ఆక్రమించుకోగా, మిగిలిన సగంలో ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. కొండ మీది పాత కోట వాకిట్లో, పసుపురంగు టాక్సీ పక్కన, గడ్డి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ టీచరమ్మ, భర్త లెక్కపెడుతున్న నోట్లకేసి కాక వాటిని అందుకోబోతున్న డ్రైవర్ ముఖంకేసి చూస్తోంది. ఆ ముఖంలో నవ్వు ఆరిపోవడం భర్తకంటే ముందు ఆమే గమనించింది.

"ఇవి వద్దు" అన్నాడు డ్రైవర్, వచ్చీరాని ఇంగ్లీషులో. "వేరేవి ఇవ్వండి."

"వద్దా? డాలర్లయ్యా ఇవి! కళ్ళు పెట్టి చూడు" అన్నాడు ఆమె భర్త.

డ్రైవర్ నిజంగానే కళ్ళు పెట్టి చూశాడు. పై నోటును ఎండకెత్తి, ఎడమ అంచున ఉన్న రెండు చిన్న బెజ్జాలను వేలితో తడిమి, మొత్తం కట్టను వెనక్కిచ్చేశాడు.

ఈ బెజ్జాలు ఎలా పడ్డాయో చెప్పాలంటే ఆ భర్త సంగతి కొంత చెప్పాలి. ఆయన బ్యాంకులో నగదు కౌంటరు వెనక కూర్చుని జుట్టు నెరిసినవాడు. వీధి వీధంతా ఆయనను క్యాషియర్ గారనే పిలుస్తుంది; కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలుస్తుంది. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో నోట్ల కట్టకు పిన్ను కొట్టడం, పై నోటు మీద కలంతో సంఖ్య వేయడం పద్ధతి. ఆ పద్ధతి తరువాత బ్యాంకులు మానుకున్నాయి, ఆయన మానలేదు. పది నోట్లు చేరితే వాటికి ఎడమ పక్కన పిన్ను పడాలి, పై నోటు మీద నీలి సిరాతో సంఖ్య పడాలి, దాని పక్కన పొట్టి సంతకం ఉండాలి. అప్పుడుగాని ఆయన కంటికి అది డబ్బుగా ఆనేది కాదు. రేవు రేవునా ఆగే ఈ విహార ఓడ ప్రయాణం కోసం తెచ్చుకున్న డాలర్లకు కూడా, బయలుదేరే ముందు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, శ్రద్ధగా అదే సంస్కారం చేశాడు.

ఆ ఉదయం ఓడ దిగేముందు టీచరమ్మ ఒక మాట అన్నది. "ఏవండీ, ఆ బల్ల దగ్గర ఈ ఊరి డబ్బు మారుస్తున్నారు. కొంచెం మార్చుకుందాం. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి చిల్లర చేతిలో ఉండాలి."

"ఆ బల్లవాడు పట్టపగలు జేబు కొడుతున్నాడు. ఆ రేటు చూశావా? డాలరు రాజమ్మా! రాజు ఏ ఊరెళ్ళినా రాజే."

రేటు విషయంలో ఆయన చెప్పింది నిజమే. అందుకే ఆమె ఊరుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకు భూగోళం చెప్పిన మనిషి గనుక, రాజుల సంగతి కూడా సరిహద్దు దాకానే అని ఆమెకు తెలుసు; కాని వాదించలేదు. రేవు గేటు దగ్గర మాత్రం, ఎండకు తాళలేక, తన చేతిసంచిలో విడిగా ఉన్న ఒకే ఒక్క పది డాలర్ల నోటిచ్చి గడ్డి టోపీ కొన్నది. టోపీల మనిషి మిగతా చిల్లర ఆ దేశపు నోట్లలో, నాణేలలో ఇచ్చింది. క్యాషియర్ గారు పడీపడీ నవ్వాడు. "బంగారంలాంటి డాలరిచ్చి చిత్తుకాగితాలు తెచ్చుకుంది మా ఆవిడ! ఓడెక్కాక వీటితో పొట్లాలు కట్టుకో."

రెండో పొదుపు కూడా ఆయనదే. ఓడవాళ్ళు నడిపే విహారయాత్ర ధరలో సగం కూడా పెట్టకుండా, గేటు బయట టాక్సీ మాట్లాడాడు. సగం డబ్బు కొండ మీద, మిగతా సగం తిరిగి రేవులో. ఓడవాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ దానికోసం ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. నాలుగున్నరకు నిచ్చెన తీసేస్తారు, అయిదుకు ఓడ కదులుతుంది. కార్డులు దొంగలు కొట్టేస్తారని గదిలోని ఇనప్పెట్టెలో పెట్టించాడు. పాస్‌పోర్టులూ అందులోనే. సెల్‌ఫోనుకు ఇక్కడ నిమిషానికి ఆస్తులు రాసివ్వాలని దాన్నీ వదిలేసి వచ్చాడు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే తెలివైన పనులే. అన్నీ కలిసి ఇప్పుడు కొండ మీద వాళ్ళిద్దరినీ అడకత్తెరలో పోకచెక్కను చేశాయి.

"పిన్ను తీసేస్తే అయిపోయె" అంటూ క్యాషియర్ గారు గోటితో పిన్ను పెకిలించబోయాడు. తొందరలో పై నోటు అంచు చిరిగింది.

డ్రైవర్ తల అడ్డంగా ఊపి, కారులో అద్దం పైన దోపిన ఒక వంద డాలర్ల నోటు తీసి చూపించాడు. దాని మీద ఎవరో ఫోన్ నంబరు రాశారు. "ఇది పోయిన ఏడు మీలాంటి పెద్దమనిషే ఇచ్చాడు. బ్యాంకు తీసుకోలేదు, దుకాణం తీసుకోలేదు. నా వారం కష్టం. రోజూ చూసుకుని బుద్ధి తెచ్చుకుంటున్నా."

"నేను బ్యాంకువాడినయ్యా! బెజ్జం పడితే నోటు విలువ పోదు."

"మీ బ్యాంకులో పోదేమో. ఇక్కడ పోతుంది."

"సరే, రేవుకు తీసుకెళ్ళు. ఓడలోంచి మంచి నోట్లు తెచ్చిస్తాను."

"గేటు లోపలికి నన్ను రానివ్వరు. తెచ్చిస్తానని లోపలికి వెళ్ళినవాళ్ళు ఇప్పటికి నలుగురు. ఒక్కడూ రాలేదు." డ్రైవర్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నమ్మినా లాభం లేదమ్మా" అన్నాడు టీచరమ్మ వైపు తిరిగి, "పెట్రోలు ముల్లు చూడండి. మీరిచ్చే డాలర్లు ఆ టీ కొట్టులో మార్చి కింద బంకులో పోయించుకుందామనుకున్నా. బంకువాడికి ఈ ఊరి డబ్బే కావాలి."

ముల్లు అడుగున పడుకుని ఉంది. టీ కొట్టామె కూడా కట్టను తిప్పి చూసి బల్ల మీద పెట్టేసింది. టీచరమ్మ చేతి గాజు ఒకటి తీయబోతే డ్రైవర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దమ్మా! రేపు పోలీసులొచ్చి దొంగిలించావంటే నాకెవరు దిక్కు?"

అప్పటికి ఆమెకు భయం మొదలైంది. ఆ భయానికి కారణం కొండ మీద లేదు, ఓడలో ఉంది.

ఓడలోని గదిలో వదిన ఒక్కతే ఉంది. వదినంటే క్యాషియర్ గారి అక్క. డెబ్భై అయిదేళ్ళది, చూపు మసక, తెలుగు తప్ప మరో భాష రాదు. ప్రతి సాయంత్రం ఆరింటికి ఆమెకు ఇన్సులిన్ సూది వేయాలి. కిందటి ఏడు రెండు రోజులు తప్పినందుకు మూడు రోజులు ఆసుపత్రిలో తెలివిలేకుండా పడి ఉంది. సూది వేసేది టీచరమ్మే; వదిన మరొకరిని తాకనివ్వదు. పైగా పొద్దున బయలుదేరుతూ తమ్ముడు ఆమెకు గట్టిగా చెప్పాడు: "అక్కా, లోపల గడియ వేసుకో. మేం వచ్చి తెలుగులో పిలిస్తే తప్ప, ఎవరు తలుపు కొట్టినా తీయకు." ఓడ తరవాత ఆగేది రెండు రాత్రుల తరవాత. ఆ ఆడకూతురు తమ్ముడి మాట జవదాటే మనిషి కాదు.

"బస్సు ఉందా?" అని అడిగింది టీచరమ్మ.

"మూడుంబావుకు ఒకటి వస్తుంది. మళ్ళీ చీకటి పడ్డాకే" అన్నాడు డ్రైవర్. "దానికీ ఈ ఊరి డబ్బే."

ఆమె చేతిసంచి తెరిచి టోపీ చిల్లర అతని చేతిలో పోసింది. అతను విడదీసి చూశాడు. "పెట్రోలుకు చాలదు. బస్సుకు..." నాణేలు మళ్ళీ ఒకసారి జరిపాడు. "ఒకరికి."

క్యాషియర్ గారు గొంతు సవరించుకున్నాడు. పొద్దున చిత్తుకాగితాలన్న వాటికోసం ఇప్పుడు అరచేయి చాపాడు. "ఇలా ఇవ్వు. నేను వెళ్తాను. ఓడవాళ్ళతో మాట్లాడి కారు పంపిస్తాను. నువ్వు ఆ టీ కొట్టులో కూర్చో."

ఆమె ఇవ్వలేదు.

"ఇవ్వవేం? ఒంటరిగా పొరుగూరికి కూడా బస్సెక్కలేదు నువ్వు. భాష రాని చోట దారి తప్పితే?"

"కారు వచ్చి తీసుకెళ్ళేదాకా ఓడ నాకోసం ఆగుతుందా?"

"ఆగకపోతే ఏం, నేనుంటాగా ఓడలో, అక్క దగ్గర."

"సూది ఎవరు వేస్తారు?"

సూది చూస్తే ఆయన కళ్ళు తిరిగి పడిపోతాడు. మనవరాలికి టీకాలు వేయించిన రోజున డాక్టరు పాపను వదిలేసి తాతను చూడవలసి వచ్చింది.

"ఓడలో డాక్టరున్నాడుగా" అన్నాడు.

"మీ అక్క డాక్టరును రానిస్తుందా? అరుగు మీద కూర్చుని కూడా పరాయి మగాడితో మాట్లాడని మనిషి."

"అయితే నేనిక్కడ..." అని ఆగిపోయాడు. ఆయన కళ్ళలో ఆమె ఎప్పుడూ చూడనిది కనిపించింది. కౌంటరుకు ఇవతలి వైపు నిలబడ్డ మనిషి చూపు అది.

"మీరు మగవారు, ఇక్కడ ఎలాగో ఉండగలరు. నేనక్కడ అవసరం" అన్నది ఆమె. "మీ పాస్‌పోర్టు, కార్డు రేవులో ఇచ్చి పోతాను. ఎవరికివ్వాలో ఓడవాళ్ళనడిగి మరీ ఇస్తాను."

మలుపులో బస్సు హారన్ వినిపించింది. బస్సు ఆగాక క్యాషియర్ గారు ఆఖరి ప్రయత్నంగా కండక్టరుకు ఒక డాలరు నోటు చూపించాడు. కండక్టరు దాన్ని తాకనైనా తాకకుండా టీచరమ్మ చేతిలోని చిల్లర తీసుకుని, చీటీ చింపి, పదమన్నట్టు బస్సు రేకు మీద కొట్టాడు. కిటికీలోంచి ఆమె వెనక్కి చూసింది. భర్త కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. డ్రైవర్ ఆయన భుజం మీద చెయ్యి వేసి టీ కొట్టు వైపు నడిపిస్తున్నాడు.

కొండ సగం దిగేసరికి మబ్బు విరుచుకుపడింది. దారి కనిపించనంత వాన. బస్సు ప్రతి గుమ్మం ముందూ ఆగుతున్నట్టే తోచింది. ఒకచోట ఒకావిడ కోళ్ళబుట్ట ఎక్కించడానికి కండక్టరుతో బేరమాడుతుంటే, బడి బయట ఎవరినీ గదమాయించని టీచరమ్మ క్లాసులో వెనక బెంచీని గదమాయించే గొంతుతో, అచ్చ తెలుగులో, "అమ్మా, ఎక్కుతావా లేదా?" అని అరిచింది. భాష తెలియకపోయినా ఆవిడ చప్పున ఎక్కింది.

రేవు గేటు చేరేసరికి నాలుగూ ఇరవై. టోపీ ఎక్కడో పడిపోయింది. చెప్పులు చేతబట్టుకుని, తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే, ఆమె ఓడ దాకా పరుగెత్తింది. నిచ్చెన దగ్గర అధికారికి వగరుస్తూ వచ్చిన ఇంగ్లీషంతా చెప్పింది: భర్త, కొండ, పాస్‌పోర్టు. అతను గడియారం చూసుకుని, రేవులో గొడుగు వేసుకుని నిలబడ్డ కంపెనీ ఏజెంటును చూపించాడు. "త్వరగా తెచ్చి ఆయనకివ్వండి. కారు ఆయన పంపుతాడు."

గది తలుపు కొట్టింది. లోపల చప్పుడు లేదు.

"వదినా! నేనే. తలుపు తీయండి."

గడియ తీసిన శబ్దం ఆమెకు ఏ సంగీతం కంటే కూడా హాయిగా వినిపించింది. కాని కూర్చోలేదు. ఇనప్పెట్టెలోంచి పాస్‌పోర్టు, కార్డు తీసుకుని మళ్ళీ కిందికి పరుగెత్తి, నిచ్చెన మీదనుంచే చెయ్యి చాపి ఏజెంటు చేతిలో పెట్టింది. ఆమె వెనక్కి తిరిగాక నిచ్చెన కదిలింది.

"నా తమ్ముడేడే?" అన్నది వదిన, మంచం అంచున కూర్చుని. పొద్దున తెచ్చిపెట్టిన పళ్ళెం ముట్టినట్టు లేదు. "ఎవరో రెండుసార్లు తలుపు కొట్టారు. నేను ఉలకలేదు, పలకలేదు."

"కొండ మీద ఉన్నాడు వదినా. రెండు రోజుల్లో వస్తాడు."

"ఒక్కడినీ వదిలేసి వచ్చావా?" అన్నది వదిన. "డబ్బుందా వాడి దగ్గర?"

"బోలెడుంది. ఒక్కటీ చెల్లదు."

"ఆ పిన్ను వాడికి చిన్నప్పటి రోగం" అన్నది వదిన. "పలకబలపాలకు కూడా సంతకం పెట్టేవాడు."

టీచరమ్మకు నవ్వు రాలేదు. కిటికీలోంచి చూస్తే రేవు దీపాలు వానలో వెనక్కి జరుగుతున్నాయి. కొండ కనిపించడం లేదు. ఆరుగంటలకు ఆమె చేతులు కడుక్కుని, సూదిలోకి మందు ఎక్కించింది. వదిన చెయ్యి పట్టుకుని సూది వేసింది.

మూడో రోజు ఉదయం, తరువాతి రేవులో, గడ్డం మాసిన ఒక మనిషి నిచ్చెనెక్కి వచ్చాడు. మొదటి రాత్రి డ్రైవర్ ఇంట్లోనే పడుకున్నానని మాత్రం చెప్పాడు. ఆ డ్రైవర్‌కు ఇవ్వవలసింది ఏ డబ్బులో ఇచ్చాడని ఆమె అడిగితే, "వాళ్ళ ఊరి డబ్బులోనే" అన్నాడు.

ఆ తరవాత ఆరేళ్ళకు వదిన పోయింది. ఆ ఆరేళ్ళలో చివరి రెండేళ్ళు, టీచరమ్మ మోకాళ్ళకు ఆపరేషన్ అయ్యాక, రోజూ ఆరుగంటలకు అక్కకు సూది వేసింది క్యాషియర్ గారే.